చూపు తగ్గింది... మాటా తగ్గింది!

తెనాలిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. 'డ్రైవర్‌గారు' అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. అందులో పద్నాలుగేళ్లు హైదరాబాద్ నైట్ బస్సు. రాత్రి సీట్లో కూర్చుంటే గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా తెల్లారేసరికి ఇమ్లీబన్‌లో దిగాల్సిందే. ఏ కల్వర్టు పక్కన గేదెలు పడుకుంటాయో, వాడపల్లి వంతెన మీద మంచు ఏ నెలలో కమ్ముకుంటుందో, ఎదురొచ్చే లారీ డ్రైవరు నిద్రలో ఉన్నాడో మెలకువగా ఉన్నాడో లైట్ల ఊపుని బట్టి ఎలా కనిపెట్టాలో... ఆ కబుర్లు మొదలెడితే టీకొట్టు దగ్గర రెండో టీ కూడా చల్లారిపోయేది.

అలాంటి మనిషి మాట్లాడటం మానేశారు.

ఒక్కరోజులో కాదు. మూడు నాలుగేళ్లు పట్టింది. మొదట టీకొట్టు మానేశారు. తర్వాత సాయంత్రం గుడి. ఆపైన పేకాట. అరవై ఎనిమిదేళ్ల వయసులో, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా గోడ... అదే లోకం అయిపోయింది. 'ఆవిడ పోయాక అలా అయిపోయాడు పాపం' అన్నారు బంధువులు. నిజమే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. 'వయసొచ్చింది, ఇంకేం చేస్తారు' అన్నాడు కొడుకు. టీకొట్టు మిత్రులు మాత్రం వేరేలా అనుకున్నారు. ఎదురుపడితే పలకరించేవారు, పక్కనుంచి పిలిస్తే పలికేవారు కాదు. పక్కనే నడుస్తున్నా గుర్తుపట్టనట్టు పోయేవారు. 'కొడుక్కి ఉద్యోగం రాగానే డ్రైవర్‌గారికి గర్వం వచ్చిందిరా' అని ఓ మాట అనేసుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. అంతే, ఆ వీధి మొహం చూడలేదు.

ఇంట్లో జరిగింది ఇంకా చిన్న సంగతి. కోడలు కాఫీ గ్లాసు తెచ్చి కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టేది. చెయ్యి తగిలి ఒలికిపోయేది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. 'కాస్త చూసుకోవచ్చు కదా మావయ్యగారూ' అందామె ఓ ఉదయం, నేల తుడుస్తూ. విసుగుతో అన్న మాటేం కాదు. మర్నాటి నుంచీ ఆయన కాఫీ మానేశారు. 'గ్యాస్ పడుతోందమ్మా' అన్నారు. అందరూ నమ్మారు. అరవై ఏళ్లుగా కాఫీ తాగిన మనిషికి హఠాత్తుగా గ్యాస్ ఎందుకు పడుతుందని ఎవరూ అడగలేదు.

అలాగని కళ్ల సంగతి పట్టించుకోలేదనీ కాదు. రెండేళ్లలో మూడు జతల కళ్లజోళ్లు మార్చారు. కళ్లద్దాల షాపులో గోడమీది అక్షరాలు చదవమంటే అడుగు వరుస దాకా గడగడా చదివేశారు. 'చూపు బ్రహ్మాండంగా ఉంది, చత్వారం కాస్త పెరిగింది' అని అద్దాలు మార్చి డబ్బు తీసుకున్నారు. మూడుసార్లూ అదే మాట, అదే లెక్క.

ఇంతకీ అసలు విషయం కనిపెట్టింది ఎవరో తెలుసా? ఏడేళ్ల మనవడు!

తాతయ్యతో వాడికో ఆట ఉంది. కుర్చీకి ఎడమపక్కన చప్పుడు చేయకుండా నిలబడి నాలుక బయటపెట్టి వెక్కిరించడం, తాతయ్య చూసేలోగా పారిపోవడం. ఏడాదిగా వాడు ఒక్కసారి కూడా దొరకలేదు. ఓ ఆదివారం అమ్మతో గొప్పగా చెప్పాడు. 'తాతయ్యకి పక్కన కనిపించదమ్మా. ముందుకొస్తేనే తెలుస్తుంది. నేను ఎంతసేపు నిల్చున్నా తెలీదు.' కోడలు నమ్మలేదు. తనూ వెళ్లి ఎడమపక్క నిలబడింది. చెయ్యి ఊపింది. ఆయన గోడవైపే చూస్తున్నారు. ఆమెకి అప్పటిదాకా ఒలికిన కాఫీలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మీట నొక్కలేదు!

విజయవాడలో ఓ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కంట్లో ఒత్తిడి చూశారు. మందుచుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశారు. తర్వాత చీకటి గదిలో ఓ గిన్నెలాంటి పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. మధ్యలో ఉన్న చుక్కనే చూస్తుండాలి, చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలో మీట నొక్కాలి. 'ఓస్, ఇదెంత! రాత్రిళ్లు చేసిన పని ఇదేగా' అన్నారట ఆయన నవ్వుతూ. చాలా రోజుల తర్వాత వేసిన జోకు అది.

పరీక్ష మొదలైంది. ఒకటి రెండుసార్లు నొక్కారు. ఆ తర్వాత ఎంతసేపటికీ వెలుగు రాలేదు. 'మిషన్ ఆగిపోయినట్టుంది బాబూ' అన్నారు. పరీక్ష చేస్తున్న కుర్రాడు ఏమీ అనలేదు. మిషన్ ఆగలేదు. వెలుగులు మెరుస్తూనే ఉన్నాయి. ఆ మౌనంలో ఆయనకి సంగతి అర్థమైపోయింది. 'నేను బస్సు నడిపిన ఆఖరి రోజుల్లో కూడా ఇలాగే ఉందా?' కుర్చీలోంచి లేస్తూ అడిగిన మొదటి ప్రశ్న అది. వెనకసీట్లలో నిద్రపోయిన వాళ్లంతా గుర్తొచ్చి ఉంటారు. దానికి జవాబు ఎవరూ చెప్పలేరు.

ఆయనకున్నది గ్లకోమా. తెలుగులో నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. ఎక్కువమందిలో వచ్చే రకం ఇలాగే చడీచప్పుడూ లేకుండా వస్తుంది. మొదట పక్కచూపుని తినేస్తుంది. నడిమధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. అందుకే గోడమీది అక్షరాలు గడగడా చదవగలిగారు. పైగా చూపు పోయినచోట నల్లటి మచ్చలాంటిదేమీ కనిపించదు. ఖాళీలను మెదడే పూరించేస్తుంది. అంటే తనకి కనిపించట్లేదన్న సంగతే మనిషికి తెలియదు. ఎవరో అకస్మాత్తుగా ఊడిపడ్డట్టు పక్కనుంచి వస్తారు, గ్లాసు తానంతట తానే ఒలుకుతుంది, గుడిమెట్టు ఉన్నట్టుండి మాయమవుతుంది. లోకం మీద నమ్మకం పోతుంది. తనమీద తనకీ పోతుంది.

ఈ జబ్బు ఎంత గుట్టుగా ఉంటుందో మనవాళ్లే లెక్కతీశారు. 1996 నుంచి 2000 వరకూ హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షలు చేసింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ తిరిగింది. నీటికాసులు ఉన్నట్టు తేలినవారిలో అత్యధికులకు ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు.

'ఇంజినా, వైరింగా?'

డాక్టరమ్మ కంప్యూటర్ తెరమీద రంగురంగుల బొమ్మ చూపించింది. ఓసీటీ స్కాన్ అంటారు. కంటి వెనక తెరని, అదే రెటీనాని, కోయకుండా కుట్టకుండా పొరపొరగా కొలిచే పద్ధతి. 1991లో అమెరికాలో రూపుదిద్దుకుంది. ఇప్పుడు మన జిల్లాల్లోని పెద్ద కంటి ఆసుపత్రుల్లోనూ ఉంటోంది. అందులో నరాల పోగుల పొర మందం చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో అది సగటున వంద మైక్రాన్ల దగ్గర్లో ఉంటుంది. అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. ఆయనకి పైనా కిందా కూడా ఆ పొర బాగా పలచబడిపోయింది.

రెటీనా గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది నిజానికి మెదడు ముక్క! తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు మెదడు ముందుభాగం నుంచే రెండు మొగ్గల్లా పొడుచుకొచ్చి కంటితెరలు అవుతాయి. ఒక్కో కంటినుంచి పది పన్నెండు లక్షల సన్నటి పోగులు కట్టగా కలిసి మెదడులోకి వెళతాయి. ఆ కట్టే దృష్టినాడి. శరీరంలో మెదడు కణజాలాన్ని బయటినుంచి నేరుగా చూడగలిగే కిటికీ ఇదొక్కటే.

ఇదంతా విన్న డ్రైవర్‌గారు ఒకటే అడిగారు. 'ఇంజిన్ పాడైందామ్మా, వైరింగ్ పోయిందా?'

'వైరింగండీ.'

'మార్చొచ్చా?'

'మార్చలేం. పోయినవి రావు. ఉన్నవి పోకుండా చుక్కలమందుతో కాపాడుకోవాలి. రోజూ వెయ్యాలి, జీవితాంతం.'

ఆయన తలూపారు. కోడలి కళ్లల్లో నీళ్లు. డాక్టరమ్మ అక్కడితో ఆపి చీటీ రాసి పంపేయొచ్చు. చాలాచోట్ల జరిగేది అదే. బయట వరండాలో యాభైమంది ఎదురుచూస్తుంటే ఎవరినీ తప్పుపట్టలేం కూడా. కానీ ఆవిడ పెన్ను పక్కన పెట్టి మరో ప్రశ్న అడిగింది. 'పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏం చేస్తుంటారండీ?'

'ఏముందమ్మా... గోడ చూస్తుంటా.'

'రాత్రి నిద్ర?'

'పట్టదు. పగలు కునుకు.'

'బతకడం ఎందుకనిపిస్తుందా ఎప్పుడైనా?'

ఆయన కోడలివైపు చూశారు. ఆమె బయటికెళ్లింది. తలుపు మూసుకున్నాక పావుగంట మాట్లాడారు. ఏం చెప్పారో ఇంట్లో ఎవరికీ తెలియదు. బయటికొచ్చేసరికి చేతిలో రెండు చీటీలున్నాయి. ఒకటి కంట్లో చుక్కలకి. రెండోది మానసిక వైద్యుడికి.

వెలుగు కోసం వేరే కణాలు

కంటి డాక్టరు మనసు సంగతి ఎందుకు అడిగినట్టు? ఎందుకంటే ఈ రెండింటికీ లంకె ఉందని వైద్యులు ఎన్నాళ్లుగానో గమనిస్తున్నారు. వయసుమీద చూపు తగ్గినవారిలో కుంగుబాటు మిగతావారికన్నా ఎక్కువ. రెటీనా నడిభాగం దెబ్బతినే జబ్బు మక్యులర్ డీజనరేషన్. అది ముదిరినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది డిప్రెషన్‌తో ఉన్నట్టు అమెరికాలో పరీక్షించి చూసిన సందర్భాలున్నాయి. హైదరాబాద్‌లో వృద్ధాశ్రమాల్లో ఉండేవారిమీద 'హోమ్స్' పేరుతో ఎల్వీ ప్రసాద్ సంస్థ చేసిన అధ్యయనంలోనూ చూపు తగ్గినవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగానే కనిపించాయి.

కనిపించకపోతే దిగులుండదా, దీనికి అధ్యయనం దేనికి అనిపించొచ్చు. కానీ అసలు దెబ్బ చూపు పోవడం దగ్గరకన్నా, దానివల్ల వదిలేసుకునే పనుల దగ్గర పడుతుంది. పేపరు చదవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, మనవరాలికి జడ వెయ్యడం, ముక్కలు కలిపి ఆట మొదలెట్టడం... మనిషికి 'నేనున్నాను' అనిపించేవి ఇవే. ఇవి ఒక్కొక్కటే జారిపోతాయి. డ్రైవర్‌గారి లెక్క చూస్తే, కంట్లో నరాలు ఎంత పోయాయో అంతకు నాలుగింతలు జీవితాన్ని ఆయన ముందే వదిలేసుకున్నారు. టీకొట్టు దాకా వెళ్లగలిగే చూపు అప్పటికింకా ఉంది. వెళ్లే మనసే లేదు.

మరో దారి కూడా ఉంది. ఇది కాస్త వింతైనది. మన కంటితెరలో బొమ్మలు చూడటానికి కాకుండా, కేవలం పగలా రాత్రా అని తెలుసుకోవడానికి కొన్ని ప్రత్యేక నాడీకణాలున్నాయి. 2002లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త డేవిడ్ బెర్సన్ బృందం ఇవి తమంతట తామే వెలుగుకి స్పందిస్తాయని నిరూపించింది. మెదడుకి సమాచారం మోసే రెటీనా కణాల్లో ఇవి నూటికి ఒకటో రెండో. కానీ శరీరంలోని గడియారానికి కీ ఇచ్చేది ఇవే. ఎప్పుడు నిద్రపోవాలి, ఎప్పుడు లేవాలి, ఏవేళ ఏ హార్మోను ఊరాలి... అన్నింటికీ వీటి కబురే ఆధారం. చూపు పూర్తిగా లేనివాళ్లలో కూడా కొందరిలో ఈ తీగ పనిచేస్తుందని 1995లోనే హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. బొమ్మ కనిపించని కళ్లలో వెలుగుపడితే నిద్ర హార్మోను మెలటోనిన్ తగ్గింది!

నీటికాసులు ముదిరితే ఈ కణాలూ తగ్గుతాయి. వయసుతో కంటికటకం పసుపెక్కి, కంటిపాప చిన్నదై, లోపలికి వెళ్లే వెలుగూ తగ్గుతుంది. దానికితోడు రోజంతా వరండా నీడలోనో, తలుపులు వేసిన గదిలోనో కూర్చుంటే ఇంక చెప్పేదేముంది! పగలేదో రాత్రేదో శరీరానికి తెలియదు. రాత్రి నిద్ర పట్టక, పగలు కునికిపాట్లు పడి, మనసు మరింత కుంగుతుంది. పద్నాలుగేళ్లు రాత్రిళ్లు మేలుకున్న శరీరం కాబట్టి నిద్ర పట్టడం లేదనుకున్నారు డ్రైవర్‌గారు. ఆ మాటే కొడుకూ అన్నాడు. అందులోనూ కొంత నిజం ఉండొచ్చు.

ఇక జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో జరిగిన ప్రయోగం ఒకటి. 2010లో ప్రచురించారు. డిప్రెషన్ ఉన్న నలభై మందినీ, లేని నలభై మందినీ నలుపు తెలుపు గళ్ల బోర్డు ముందు కూర్చోబెట్టారు. ఆ గళ్లు తారుమారవుతుంటే రెటీనాలో పుట్టే విద్యుత్తుని కొలిచారు. కుంగుబాటులో ఉన్నవారి రెటీనా నలుపు తెలుపుల తేడాకి తక్కువగా స్పందించింది. జబ్బు తీవ్రత ఎక్కువైన కొద్దీ స్పందన ఇంకా తగ్గింది. 'లోకమంతా బూడిదరంగులో ఉంది' అని దిగులుపడ్డవాళ్లు అనే మాట ఉత్త ఉపమానం కాకపోవచ్చన్నమాట! ఇంకో విశేషం... చికిత్సతో కోలుకున్నాక అదే రెటీనా మళ్లీ మామూలుగా స్పందించిందని ఆ బృందమే 2012లో రాసింది.

అలాగని స్కాన్ తీసి మనసులో ఏముందో చెప్పేస్తారనుకుంటే పొరపాటు. డిప్రెషన్ ఉన్నవారి నరాల పొర పలచగా ఉందని కొన్ని అధ్యయనాలు చెబితే, తేడా లేదని మరికొన్ని చెప్పాయి. అటువంటి పరీక్ష ఉందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మక్కర్లేదు. మనసుని కనిపెట్టే పరికరం ఇప్పటికీ పక్కన కూర్చుని అడిగే ప్రశ్నే.

చెప్పుకోలేనిది మరొకటి

చూపు తగ్గిన పెద్దవాళ్లలో కొందరు నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది. వాళ్లకి లేనివి కనిపిస్తాయి. పెరట్లో ఎవరో పిల్లలు ఆడుతున్నట్టు, గోడమీద పూలతీగలు పాకుతున్నట్టు, పొట్టిమనుషులు వరసగా నడిచిపోతున్నట్టు. శబ్దం ఉండదు. అవి నిజం కావని వాళ్లకీ తెలుసు. 1760లో స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బానెట్ తన తాతగారికి ఇలా కనిపిస్తున్నాయని రాశాడు. అందుకే దానికి ఆయన పేరు పెట్టారు. చూపు కబురు అందని మెదడు తానే బొమ్మలు వేసుకోవడం ఇది. పిచ్చీ కాదు, గాలీ ధూళీ కాదు. కానీ మన ఇళ్లలో ఈ మాట పైకి చెబితే ఏమవుతుందో తెలిసిందే. ఒకరు తాయెత్తు అంటారు, ఇంకొకరు 'మతి పోయింది' అంటారు. అందుకని పెద్దావిడ నోరు మూసుకుని భయంతో బతుకుతుంది. 'ఇది కళ్లు తగ్గినవాళ్లలో కొందరికి మామూలేనమ్మా' అని డాక్టరు అన్న ఒక్కమాటతో సగం భయం తీరిపోతుంది. అడిగితేనే కదా చెప్పేది!

'పిచ్చి డాక్టరు దగ్గరికా?'

రెండో చీటీ పదిహేను రోజులు దేవుడి గూట్లోనే ఉంది. 'నాన్నని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లామంటే ఊళ్లో ఏమంటారు' అని కొడుకు. 'నాకేం పిచ్చా' అని తండ్రి. ఈ విషయంలో మాత్రం తండ్రీ కొడుకులిద్దరిదీ ఒకే మాట. కోడలే తేల్చేసింది. 'కంటికి చుక్కలేసుకుంటే గుడ్డివాళ్లంటున్నారా మావయ్యగారూ? ఇదీ అంతే' అని ఆటో పిలిచింది.

మానసిక వైద్యుడు మొదట అడిగింది, వేరే డాక్టర్లు ఏం మందులు రాశారని. అడగాల్సిందే. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు, కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవారిలో ఒత్తిడిని ఒక్కసారిగా పెంచేస్తాయి. నీటికాసులకి వాడే కొన్ని చుక్కలు ఆస్తమా ఉన్నవారికి పడవు. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్లేవాళ్లు ఒకరి చీటీ రెండోవారికి చూపించాలి. మన ఇళ్లలో చీటీలు బీరువాలో, మందులు ఫ్రిజ్ మీద, మనిషి ఆసుపత్రిలో ఉంటారు!

ఆయనకి ఓ మాత్ర రాశారు. దాంతోపాటు ఇంకోటి రాశారు, మందులషాపులో దొరకనిది. 'రోజుకి ఒక్క పని. మీకు ఇష్టమైంది, మీరు వదిలేసింది. చిన్నదే.' వినడానికి తేలిగ్గా ఉంది కానీ, దీని వెనకా లెక్కలున్నాయి. ఫిలడెల్ఫియాలో బారీ రోవ్‌నర్ అనే మానసిక వైద్యుడి బృందం మక్యులర్ డీజనరేషన్ ఉన్న 188 మందిమీద చేసిన పరిశోధన 2014లో వెలువడింది. అందరికీ చూపు తగ్గినా పనులు చేసుకునే శిక్షణ ఇప్పించారు. అందులో సగంమంది ఇళ్లకి శిక్షకులు వెళ్లి, వదిలేసిన పనుల్ని చిన్నచిన్న మెట్లుగా మళ్లీ మొదలుపెట్టించారు. మిగతావాళ్లతో ఊరికే కబుర్లు చెప్పారు. నాలుగు నెలల తర్వాత చూస్తే కబుర్ల బృందంలో 23.4 శాతం మంది డిప్రెషన్‌లోకి వెళితే, పనులు మొదలెట్టినవారిలో 12.6 శాతమే. చూపు ఎవరికీ తిరిగి రాలేదు. తేడా అంతా పనుల దగ్గరే. అయితే ఇదే బృందం 2007లో ప్రచురించిన వేరే పద్ధతి రెండు నెలలకి బాగా పనిచేసి, ఆరు నెలలకి సన్నగిల్లింది. అంటే ఓసారి చేసి వదిలేస్తే కుదరదు.

ఇంట్లోనూ కొన్ని మార్పులు చేశారు. చిన్నవే. కాఫీ స్టూలు మీద పెట్టడం మానేసి 'మావయ్యగారూ, కాఫీ' అని చేతికి అందిస్తోంది కోడలు. స్టీలు గ్లాసు బదులు ముదురు ఎరుపు కప్పు. తెల్లటి పళ్లెంలో తెల్లటి అన్నం, దానిమీద పెరుగు... నరం తగ్గిన కంటికి అదంతా ఒకటే మబ్బు. అందుకని పళ్లెం రంగు మారింది. గడప అంచుకీ మెట్టు అంచుకీ పసుపురంగు టేపు అంటించాడు మనవడు. కాస్త వంకరగానే అంటించాడు, ఎవరూ సరిచేయలేదు. కుర్చీని గోడవైపు నుంచి వీధివైపు తిప్పారు. పొద్దున్నే అరగంట ఎండపొడలో కూర్చోవడం నియమం చేశారు.

అన్నీ సాఫీగా జరిగాయనుకోవద్దు. మొదటి నెల చుక్కలమందు వారానికి రెండు మూడు రోజులు మర్చిపోయారు. 'వేసినా వెయ్యకపోయినా ఒకేలా ఉంది కదా' అని వాదన. ఈ జబ్బులో ఉన్న చిక్కే అది. మందు పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే లాభం. మాత్రలు మొదలెట్టిన రెండువారాలకే 'తేడా ఏం లేదు' అని మానేయబోయారు. నెల దాటాక ఓ రాత్రి నాలుగున్నర దాకా ఏకబిగిన నిద్రపోయారు. అప్పుడు ఊరుకున్నారు.

కొడుకు సంగతి మాత్రం తేలలేదు. తల్లిదండ్రుల్లోనో తోడబుట్టినవారిలోనో నీటికాసులు ఉంటే ముప్పు మామూలువారికన్నా చాలా ఎక్కువ. నలభై దాటితే అక్షరాల బోర్డుతో సరిపెట్టుకోకుండా కంట్లో ఒత్తిడి, దృష్టినాడి కూడా చూపించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో 'కంటివెలుగు' శిబిరాలు జరిగాక, తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలయ్యాయి, కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ కాదన్న సంగతి పల్లెలకీ చేరింది. కళ్లజోడు వచ్చింది కదా, ఇంక కన్ను బాగున్నట్టే అనుకోవడమే ఇబ్బంది. డ్రైవర్‌గారి కొడుక్కి నలభై మూడేళ్లు. పరీక్షకి మూడుసార్లు రోజు అనుకున్నాడు. ఒకసారి ఆఫీసులో ఆడిట్, ఒకసారి పెళ్లి, ఇంకోసారి వాన. 'నాకు బాగానే కనిపిస్తోంది' అంటాడు. తండ్రి కూడా సరిగ్గా అదే అన్నాడని కోడలు గుర్తుచేస్తూనే ఉంది.

(ఇంట్లో పెద్దవాళ్లు రెండువారాలకి మించి దిగులుగా ఉన్నా, తిండీ నిద్రా తప్పినా, బతుకుమీద విరక్తి మాటలు మాట్లాడినా కేంద్రప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. 2022 నుంచి నడుస్తోంది. తెలుగులో మాట్లాడతారు.)

'రోజుకి ఒక్క పని' అన్న డాక్టరుకి డ్రైవర్‌గారు మొదట ఏం చెప్పాలో తెలియక 'బస్టాండు' అన్నారు. సాయంత్రం నాలుగున్నరకి మనవడి చెయ్యి పట్టుకుని వెళతారు. బెంచీమీద కూర్చుని, వచ్చే బస్సు కనిపించకముందే చప్పుడుని బట్టి అది ఏ రకమో, బ్రేకు ఎలా ఉందో, డ్రైవరు కొత్తవాడో పాతవాడో చెబుతారు. మనవడు బోర్డు చదివి రైటో తప్పో తేలుస్తాడు. పదికి ఏడు రైటు. మిగతా మూడింటికీ 'అదేం డ్రైవింగురా, బండిని చంపేస్తున్నాడు' అని తిడతారు.

మొన్నీమధ్య తిరిగొస్తూ టీకొట్టు ముందు ఆగారు. ఎడమపక్క బల్లమీద పాతమిత్రులు కూర్చుని ఉన్నారని మనవడు చెప్పాడు. ఆయన మెడ పూర్తిగా అటు తిప్పి, ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని చూశారు.

'ఏం డ్రైవర్‌గారూ, రివర్సు తీస్తున్నట్టు అలా చూస్తారేంటి?' అన్నాడొకాయన.

'ఎడమ అద్దం పోయిందిరా. ఇకనుంచీ ఇటువైపు ఉంటే నువ్వే హారన్ కొట్టాలి' అన్నారాయన, బల్ల కోసం చేత్తో తడుముకుంటూ. ఎవరో జరిగి చోటిచ్చారు. మనవడికి బిస్కెట్టు, ఆయనకి టీ చెప్పారు.